గూడబాతుల నీడలో

నస్పూరు గని క్వార్టర్లలో చంటిబట్టలు ఆరుబయట ఆరేసే ఇల్లు అరుదు. ఎగిరే పిట్ట నీడ ఆ బట్టల మీద పడితే బిడ్డ చిక్కిపోతుందని అక్కడివారి నమ్మకం. నర్మద పట్టపగలు కూడా తలుపు తీసేది కాదు. అయినా ఆమె తొమ్మిది నెలల కూతురు నాలుగు విరేచనాలై కాస్త వాడిపోయింది.

"పిట్ట సోకింది" అని తేల్చింది అత్త దేవవ్వ. "పాలు అరుగయి. పగటీలి గంజితేట పొయ్. అమాసనాడు పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద సురుకలు వెడుదాం."

ఆనాటి నుండి నర్మద పగలు పాలు మాన్పి గంజితేటే పోసింది. పది రోజుల్లో పాప పుల్లలా అయిపోయింది.

అమావాస్యకు ఎనిమిది రోజులుందనగా, భర్త కైలాసం గనిలో తనతో పనిచేసే నెల్లూరు స్నేహితుడి గృహప్రవేశానికి తల్లీబిడ్డలను వెంటబెట్టుకుని మద్రాసు రైలెక్కాడు. స్నేహితుడి ఊరు పులికాట్ సరస్సుకు దగ్గర. మర్నాడు పొద్దున స్నేహితుడి తల్లి చెంగమ్మ వాళ్లను ఊరి చెరువుకు తీసుకుపోయింది.

నీళ్లలో నిలబడిన చెట్ల నిండా గూడబాతులు, ముక్కు కింద సంచి వేలాడే పెద్ద పక్షులు. మంచమంత రెక్కలు చాచి సముద్రం వైపు నుండి వస్తుంటే, వాటి నీడలు కట్ట మీది మనుషుల మీదుగా జారిపోతున్నాయి. నర్మద గబుక్కున కొంగుతో బిడ్డను కప్పింది.

"జర ఎనుకకు పోదాం. బిడ్డకు సోకుతది."

"గనిల బొగ్గు పెళ్లలు మీదవడ్డా ఫికర్ చెయ్య నేను. గీ పిట్టలకు భయపడుదునా?" అన్న కైలాసం, తనే రెండడుగులు వెనక్కి వేశాడు.

చెంగమ్మ నవ్వింది. "ఈ నీడల కిందే ఐదుగురిని పెంచినానమ్మా. వీటి రెట్ట కలిసిన నీళ్లు పారితేనే మా మళ్లు పండేది. ఇక్కడ ఎవురూ రాయి కూడా విసరరు."

అంతలో దగ్గరి గూటిలో తల్లిపక్షి ముక్కు తెరిచింది. పిల్ల తన తల మొత్తం ఆ గొంతుసంచిలో దూర్చి చేపలు తింటోంది. తల్లి కదలకుండా ఓర్చుకుంది. నర్మద రెప్ప వేయడం మరిచింది.

"పిల్ల కడుపు నిండేదాకా అది నోరు ముయ్యదు" అంది చెంగమ్మ. "నీ బిడ్డకేం పెడతన్నావు?"

"గంజితేట." ఆ మాట అన్నాక నర్మదకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కట్ట మీదే కూర్చుని, కొంగు చాటున, పట్టపగలు బిడ్డకు పాలిచ్చింది. పాప ఆవురావురుమని తాగింది. రెక్కల నీడలు ఇద్దరి మీదుగా పోతూనే ఉన్నాయి. అక్కడున్న ఐదు రోజులూ కడుపు నిండా పాలు, చెంగమ్మ మెత్తగా పిసికిన పప్పన్నం. ఒక్కటీ అరగకపోలేదు.

ఇల్లు చేరేసరికి అమావాస్య. దేవవ్వ కుంపటి రాజేసి కూర్చుంది. నర్మద బిడ్డను భర్త చేతికిచ్చి, చంటిబట్టలు పిండి వాకిట్లో తీగ మీద ఆరేసింది.

"పిచ్చిలేసిందా నీకు? పిట్టలు కనవడ్తలేవా?"

"కనవడుతున్నయత్తా. పిట్ట తన పిల్లను కడుపునిండ సాదుకుంటది. మన బిడ్డను అదేం చెయ్యలే. మనమే పాలు బందువెట్టి ఎండవెట్టినం. సురుకలు వెట్టనియ్య. రేపు దవాఖానకు తీస్కపోత."

దేవవ్వ కోపంగా బిడ్డ కోసం చేయి చాచింది. పాప ఆ చేతి వేలు గట్టిగా పట్టుకుంది, వదలలేదు. వారం కిందట ఆ పిడికిట్లో ఇంత బలం లేదు. ముసలామె పసుపుకొమ్ము అవతల పారేసి, కుంపటి మీద పాలగిన్నె పెట్టింది.

తల్లులారా, బిడ్డను చిక్కబెట్టేది పక్షి నీడ కాదు. ఆ భయంతో మన చేతులారా ఆపిన పాలు.