ముల్లు కింది మరక

2024 అక్టోబరు పదమూడు, ఆదివారం. ముందురోజు మిగిలిన పుట్టగొడుగుల సూప్ వేడిచేసుకుని, రై రొట్టె ముంచుకుంటూ కిటికీ దగ్గర నిలబడే తిన్నాను. చలి అప్పుడే మొదలైంది. పొద్దున ఆరున్నర బస్సెక్కి పార్దుబిత్సె పట్టణంలోని సాంస్కృతిక భవనానికి వెళ్లాను. నెలకొక ఆదివారం అక్కడ పాత గడియారాల సంత.

మా ఆవిడ దాగ్మర్ పోయాక రెండేళ్లుగా ఆ సంతకు వెళ్తున్నాను. చూడటమే తప్ప ఒక్కటీ కొనలేదు. ఆ రోజు మాత్రం మొదటి మంచి గడియారం కొందామని ముప్పై ఐదు వేల క్రౌన్లు కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. పుస్తకాలైతే చాలా చదివాను. ముప్పై ఏళ్లు కాలేజీలో భూగోళం చెప్పినవాణ్ణి. చదివింది పైకి చెప్పకుండా ఉండలేను.

తలుపు పక్క బల్ల దగ్గర ఎప్పుడూ చూడని మనిషి కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. పేరు యార్మిల అని చెప్పింది. ఆమె ముందు రుమాలు మీద ఒకే ఒక్క చేతిగడియారం. యుద్ధానికి ముందు స్విట్జర్లాండులో చేసింది. మీగడ రంగు డయల్. చీకట్లో కనబడేందుకు అంకెలకూ ముళ్లకూ రేడియం పూశారు.

"మా నాన్నదండీ. రాత్రి రైళ్లలో గార్డు. ఆయన పోయినప్పటి నుంచీ సొరుగులోనే ఉంది, నలభై మూడేళ్లు. దాన్ని ఎవ్వరూ ముట్టలేదు."

"మరి ఇప్పుడెందుకు అమ్ముతున్నారు?"

"ఇల్లు వెచ్చబెట్టే పాత బొగ్గు బాయిలర్ ఇక వెలిగించకూడదని సర్కారు చెప్పిందిగా. కొత్తదానికి ముప్పై వేలు తక్కువ పడుతున్నాయి. చలి ఆగదు కదా."

ఆ సంతలో ఒక కట్టుబాటు ఉంది. గడియారం ఎవరి చేతిలో ఉంటే బేరం వారిది. కింద పెట్టేదాకా మూడో మనిషి నోరెత్తకూడదు. గడియారాన్ని చేతిలోకి తీసుకున్నాను. నా వెనకే హవ్రానెక్ నిలబడి ఉన్నాడు. అతను ఇరవై ఏళ్లుగా పాత గడియారాల వ్యాపారంలో ఉన్న మనిషి. అతని కాఫీ వాసన నా చెవి దాకా వస్తోంది.

ముళ్లు నాలుగూ ఇరవై చూపిస్తూ ఆగి ఉన్నాయి. పెద్ద ముల్లు అంచుల చుట్టూ గోధుమరంగు మరక తొంగిచూస్తోంది. పైన తయారీదారు పేరు మాత్రం నిన్న రాసినట్టు ఉంది. మరక పాతది, అక్షరాలు కొత్తవి అంటే ఏమిటో నేను చదివి ఉన్నాను.

"డయల్‌కి మళ్లీ రంగు వేయించారమ్మా," అన్నాను, తరగతి చివరి బెంచీకి వినబడే గొంతుతో. "తడి తగిలి చెడిపోయుంటుంది. అక్షరాలు కొత్తగా రాయించారు. ఇది అసలుది కాదు."

ఆమె ముఖం పాలిపోయింది. "మా నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదండీ."

నేను గడియారాన్ని రుమాలు మీద పెట్టాను. నా వేలు పూర్తిగా వదలకముందే హవ్రానెక్ అందుకున్నాడు.

"ప్రొఫెసర్ గారే తేల్చేశాక ఇంకేముందమ్మా! రంగేసిన దానికి నాలుగు వేలే ఎక్కువ. మీ నాన్నగారి మీద గౌరవంతో ఐదిస్తా. ఇంతకీ నడుస్తుందా, బొమ్మేనా?"

"ఎందుకు నడవదూ!" అంటూ ఆమె చెయ్యి చాచి, అతని అరచేతిలోనే దానికి కీ ఇచ్చింది. గడియారం టిక్కుమంది.

నేను పక్క బల్ల దగ్గర తోలుపట్టీలు చూస్తున్నట్టు నటిస్తూ ఉండిపోయాను. బేరం ఆరుకు వచ్చింది, ఏడుకు వచ్చింది. ఆమె మాటిమాటికీ "ముప్పై లేకపోతే నాకెందుకండీ" అంటోంది. "రంగేసిన దానికి ముప్పై ఎవరిస్తారమ్మా, ఈ హాల్లో అందరూ విన్నారుగా" అంటున్నాడు అతను. ప్రతిసారీ నా మాటే.

పదినిమిషాలు గడిచాయి. అతను కాఫీ కప్పు అందుకోబోతూ, అప్పటిదాకా అద్దాన్ని కప్పిన బొటనవేలు కాస్త పక్కకు జరిపాడు. డయల్ కనబడింది. పెద్ద ముల్లు ఆరు అంకె మీదికి జరిగింది. కానీ ఇందాక అది ఆగి ఉన్న నాలుగు అంకె దగ్గర ఇంకో ముల్లు మిగిలే ఉంది, గోధుమరంగులో. అదే ఈటె మొన, అదే సన్నని నడుము.

తడికి ఈటె ఆకారం గీయడం రాదు. ముల్లులోని రేడియం నలభై మూడేళ్లు ఒకేచోట కూర్చుని కిందున్న రంగును కాల్చింది. సొరుగు చీకట్లో ఉండబట్టే అక్షరాలు కొత్తగా మిగిలాయి. సొరుగులో పెట్టాక ఆ డయల్‌ను నిజంగానే ఎవ్వరూ ముట్టలేదు. హవ్రానెక్ బొటనవేలు మళ్లీ సరిగ్గా ఆ మరక మీదికే వెళ్లింది. అతనికి మొదటి నుంచీ తెలుసు.

"ఎనిమిది. ఇదే చివరి మాట," అని అతను చెయ్యి చాచాడు. చేతులు కలిస్తే బేరం ముగిసినట్టే. ఆమె చెయ్యి బల్ల మీంచి లేచింది.

"ఆగండి యార్మిల గారూ. నేను తప్పు చెప్పాను."

చుట్టుపక్కల బల్లల వాళ్లు ఇటు తిరిగారు.

"ప్రొఫెసర్, ఇది నా చేతిలో ఉంది," అన్నాడు హవ్రానెక్.

"తెలుసు."

"అయితే నోరు మూసుకోవాలనీ తెలిసుండాలి."

"వేలు తియ్యండి. ఆ మరక ముల్లు నీడ. రంగు వేసిన డయల్ కాదది."

అతను నవ్వాడు. "ఇందాక నకిలీ, ఇప్పుడు అసలా! మధ్యాహ్నానికి ఏమవుతుందో! బేరం చెడగొట్టినవాడు తనే కొనాలి. లేదంటే ఈ గుమ్మం మళ్లీ తొక్కకూడదు. చెప్పండి, ఎంతకి?"

గడియారం వైపు మళ్లీ చూశాను. కీ తిప్పే గుబ్బ మరీ మెరుస్తోంది, తర్వాత వేసిందేమో. ఎవరో రుద్దినట్టు కేసు అంచులు గుండ్రబడ్డాయి. వెనక మూత తెరవడానికి నా దగ్గర పనిముట్టు లేదు. సొరుగులోకి వెళ్లకముందే ఎవరైనా రంగు వేయించి ఉంటే? అరగంటలో రెండుసార్లు తప్పు చెప్పినవాణ్ణి అవుతాను.

"ముప్పై ఐదు వేలు," అన్నాను.

ఆమె నన్ను చూసింది. "జాలితోనా?"

"కాదండీ. అది అసలైనదని."

"మరి ఇందాక ఎందుకలా అన్నారు?"

"నాకు తెలుసని అందరికీ తెలియాలని."

ఆమె రుమాలు అంచులు సరిచేసింది. తర్వాత చెయ్యి చాచింది, నా వైపు. చల్లటి, గరుకైన చెయ్యి. హవ్రానెక్ పిడికిలి విప్పి గడియారాన్ని రుమాలు మీదికి జారవిడిచాడు. "బాయిలర్ ఆవిడకి, రిపేరు ఖర్చులు మీకు," అని కాఫీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె డబ్బు లెక్కపెట్టుకుని, తన ఫోన్ నంబరు రాసిచ్చింది. "నిజం తేలితే చెప్పండి. ఏదైనా సరే."

మా భవనంలో కింది అంతస్తులో వోండ్రా ఉంటాడు, గడియారాలు బాగుచేసి రిటైరైన మనిషి. సాయంత్రం ఏడింటికి అతని వంటగదిలో కూర్చున్నాను. వెనక మూత తీసి, యంత్రాన్ని, డయల్‌ను బయటికి తీశాడు. నేను దగ్గరికి వంగాను.

"ఊపిరి బిగబట్టండి సార్. ఆ రేడియం పొడి లోపలికి పోకూడదు."

కంటికి బిగించిన భూతద్దంలోంచి ఒక్కో భాగాన్నీ తిప్పి చూశాడు. నా కోటు బొత్తాన్ని తిప్పుతూనే ఉన్నాను.

"గుబ్బ తర్వాత వేసింది," అన్నాడు చివరికి. "కేసును ఎవడో బాగా రుద్దాడు. డయల్‌ను మాత్రం ఎవరూ తియ్యలేదు. దాన్ని పట్టి ఉంచే స్క్రూల మీద పాత గీత ఒక్కటీ లేదు, వెనకవైపు అరగదీసిన గుర్తూ లేదు. అసలుదే."

అక్కడి నుంచే యార్మిల గారికి ఫోన్ చేశాను.

"మీ నాన్నగారి మాట నిజమండీ. డయల్‌ను ఎవ్వరూ ముట్టలేదు."

"నాకెప్పుడూ తెలుసు. మీకే తెలీలేదు," అంది. ఆ గొంతులో కోపం లేదు.

గుబ్బ సంగతి తెలిసినా ఈసారి నేను చెప్పలేదు. వోండ్రా ఆ ఫోన్ మాటలు విని తల పంకించాడు. గడియారాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. అతని భార్య జలుబుతో అప్పటికే పడుకుంది. నన్ను గుమ్మం దాకా సాగనంపి, నేను రెండు మెట్లు ఎక్కేదాకా ఆగి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.