వెనక సీటు మీద గుండ్రటి మరక

"నువ్వెలాగూ ఖాళీయేగా," అన్నాడు గోర్డీ, పోస్టులో వచ్చిన పెట్టెను గరాజ్‌లో బల్ల మీద పెడుతూ. "కారు సీట్లకు రంగు వేసెయ్. ఆదివారానికి కొత్తవాటిలా ఉండాలి."

ఖాళీ అంటే ఏమిటో మార్లిస్ అడగలేదు. బడి వంటగదిలో తన ఉద్యోగానికి వేసవి సెలవులు వచ్చిన మాట నిజమే. పొద్దున్నే అత్తగారి మందులు, ఆమె వాపు కాళ్ళకు కట్లు కట్టడం, పెరట్లో చిక్కుళ్ళు కోసి సీసాల్లో నిల్వ పెట్టడం, ఇంటిచుట్టూ గడ్డి కొట్టడం, ఇవన్నీ ఖాళీ కిందే లెక్క కాబోలు. ఒకప్పుడు ఆ మాటకు ఒళ్ళు మండేది. ఈ మధ్య మండటం కూడా మానేసింది. దంతం పీకేముందు సూది పొడిచాక చెంప ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉంది. తన చెంపే, కానీ తనది కాదు.

పెట్టె విప్పి చూసింది. తోలు శుభ్రం చేసే ద్రావకం, పగుళ్ళు పూడ్చే ముద్ద, గోధుమ రంగు స్ప్రే డబ్బాలు, పైపూత. కిటికీ అద్దాలకూ ప్లాస్టిక్ భాగాలకూ పాత పేపర్లు కప్పి టేపు అంటించి, చేతికి తొడుగులు వేసుకుని తోమడం మొదలుపెట్టింది.

ఆ బ్యూయిక్ కారు ఆమె నాన్న ఐనార్‌ది. పోతూ పోతూ కూతురికి వదిలి వెళ్ళాడు. కాగితాల మీద పేరు మార్లిస్‌దే. తాళంచెవి మాత్రం మొదటిరోజు నుంచీ గోర్డీ జేబులోనే ఉంది. నాన్న చప్పరించే పిప్పరమెంటు బిళ్ళల వాసన సీటు కుట్లలో ఇంకా కొద్దిగా మిగిలి ఉండేది. ద్రావకం తగలగానే అదీ పోయింది. గుడ్డ నల్లగా మారింది. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది, రాలేదు. ఇంకో గుడ్డ తీసుకుంది.

ఎవరు ఎక్కడ కూర్చున్నారో సీట్లే చెబుతున్నాయి. నడిపేవాడి సీటు పక్కంచు గోర్డీ ఎక్కి దిగి, ఎక్కి దిగి తెల్లగా అరిగిపోయింది. పక్క సీటు అత్తగారు వెర్నా బరువుకు మధ్యలో గుంటపడింది. మార్లిస్ చోటు వెనకాల, కుడివైపు. "అమ్మకు వెనక కూర్చుంటే వాంతి వస్తుంది, నీకేం, గట్టిదానివి," అన్నాడు గోర్డీ మొట్టమొదటిసారి. అప్పట్నుంచి మళ్ళీ అనాల్సిన అవసరమే రాలేదు. ఆ వెనక సీటు మీద ఒక గుండ్రటి మరక ఉంది. చర్చి విందులకు ఆమె మాంసం, బంగాళదుంపలు కలిపి పొయ్యిలో కాల్చి తీసుకెళ్ళే హాట్‌డిష్ గిన్నెది. పొయ్యిలోంచి తీసి తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలేవి. ఓర్చుకోలేనప్పుడు పక్కన పెట్టేది. మలుపు వచ్చినప్పుడల్లా గోర్డీ అద్దంలోంచి చూసి అదే మాట అనేవాడు. "ఒలకనివ్వకు, సీటు పాడవుతుంది." తొడలు కాలుతున్నాయా అని మాత్రం ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

వెర్నా మడతకుర్చీ తెచ్చుకుని గరాజ్ గుమ్మంలో కూర్చుంది. చేతిలో నిమ్మరసం గ్లాసు.

"ఇంకా తోముతూనే ఉన్నావా? రంగెప్పుడు వేస్తావమ్మా తల్లీ?"

"జిడ్డు పోకపోతే రంగు పట్టదు అత్తయ్యా. మీ అబ్బాయి ప్రతి ఆదివారం ఆ మెరుపు నూనె పూసి పెట్టాడుగా, అదంతా పోవాలి."

"పూస్తాడు మరి, వాళ్ళ నాన్న నేర్పిన అలవాటు. మా ఆయన కారులో కూర్చుంటే జారిపోయేవాళ్ళం, అంత మెరిసేది!" నవ్వింది వెర్నా. గ్లాసు అడుగున ఐసు ఊపుకుంటూ అంది, "బాగా వెయ్యి. మన చర్చి లైల్‌కు పట్టింపు ఎక్కువ. వాళ్ళ కోడలి కోసమట."

మార్లిస్ చేయి ఆగింది.

"లైల్‌కు ఎందుకు?"

"అదేమిటే, నీకు చెప్పలేదా వాడు? ఆదివారం చర్చిలో చూపించి, లైల్‌కు అమ్మేస్తున్నాడుగా. పికప్ ట్రక్కు కొనాలని ముచ్చటపడుతున్నాడు." వెర్నా గ్లాసు కింద పెట్టింది. "మొహం అలా పెడతావేం? నీకు డ్రైవింగంటే భయమేగా."

భయం! పదిహేనేళ్ళ వయసులో, జనవరిలో, గడ్డకట్టిన సరస్సు మీద నాన్న పక్కన కూర్చుని నేర్పించాడు. మంచు మీద కారు గిరగిరా తిరిగింది. "బ్రేకు జోలికి పోకు, చక్రం మాత్రం వదలకు," అన్నాడు ఐనార్, పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని, కంగారు అన్నది లేకుండా. ఆ రోజు ఆమె ఎంత నవ్విందో! పెళ్ళయ్యాక మొదటిసారి నడిపినప్పుడు గోర్డీ దారి పొడుగునా ఉష్ ఉష్ అంటూ డాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి ఆమే తాళం అతని చేతికిచ్చింది. భయం ఎవరిదో, అది తన పేరు మీద ఎప్పుడు పడిందో ఆమెకే గుర్తులేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగింది. "కారు అమ్ముతున్నావా?"

"చెబుదామనే అనుకున్నా. ఆ మొక్కజొన్న కంకులు ఇలా అందించు," అన్నాడు గోర్డీ.

అందించింది.

మర్నాడు మళ్ళీ గరాజ్‌లోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళావని ఎవరైనా అడిగినా చెప్పలేకపోయేది. చేతులకు పని అలవాటు, అంతే. పగుళ్ళలో ముద్ద నింపి, నున్నగా రుద్ది, రంగును మంచుతెరలా పలచగా కొట్టింది. ఆరనిచ్చింది. మళ్ళీ కొట్టింది. ఒక్కసారే చిక్కగా కొడితే కారిపోతుంది. అరిగిన అంచులు, గుంటలు, గుండ్రటి మరక, అన్నీ గోధుమ రంగు కింద మాయమయ్యాయి. శనివారానికి సీట్లు నిజంగానే కొత్తవాటిలా ఉన్నాయి. అందంగా ఉన్నాయని ఆమెకు తెలుస్తోంది, సంతోషం మాత్రం తెలియడం లేదు.

"పైపూత గట్టిపడాలి. వారం దాకా వీటి మీద ఏదీ పుయ్యకు," అని చెప్పింది గోర్డీకి.

"కార్ల గురించి నువ్వు నాకు చెబుతున్నావా!"

సాయంత్రం ఆమె చిక్కుళ్ళు కోసి వచ్చేసరికి అతను మెరుపు నూనె సీసాతో నడిపేవాడి సీటు రుద్దేసి, ఈల వేసుకుంటూ రెండో సీటు మొదలుపెట్టబోతున్నాడు. అప్పుడే వెర్నా తినడానికి పిలవబట్టి ఆ సీటు బతికిపోయింది. మార్లిస్ చిక్కుళ్ళ బుట్టతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. చెప్పాల్సింది చెప్పేసింది కదా!

ఆదివారం ఎండ మండిపోతోంది. గోర్డీ గంజి పెట్టినట్టున్న తెల్లటి ప్యాంటు వేసుకున్నాడు. ఇస్త్రీ ఎవరు చేశారో చెప్పక్కర్లేదు. మార్లిస్ వెనక కూర్చుంది, ఒళ్ళో గిన్నె.

ప్రార్థన, భోజనాలు అయ్యాక గోర్డీ ఎండలో కాగిన కారును నడుపుకొచ్చి చర్చి ముందు ఆపి దిగాడు. మగవాళ్ళంతా దాని చుట్టూ చేరారు. లైల్ కిటికీలోంచి తల పెట్టి చూశాడు.

"ఎవరి చేత చేయించావు గోర్డీ? బ్రహ్మాండంగా ఉంది!"

"చేయించడమేంటి? నేనే. సాయంత్రాలు కూర్చుని చేశా. ఓపిక ఉండాలంతే."

లోపల ఇంకా బాగుంది చూడమంటూ అతను వంగి తలుపు తీశాడు. తెల్లటి ప్యాంటు వెనకభాగమంతా గోధుమ రంగు. తొడల దాకా.

మార్లిస్‌కు అందరికంటే ముందు కనిపించింది. చొక్కా కాలరు మడతపడినా, గడ్డానికి సాస్ అంటినా, ముందు ఆమెకే కనిపిస్తుంది. చెయ్యి దానంతటదే సంచిలోని తడిగుడ్డ మీదికి వెళ్ళింది. చెవిలో చెప్పి, పక్కకు తీసుకెళ్ళి, తుడిచి, తన శాలువా నడుముకు చుట్టి... చెయ్యి సంచిలోంచి ఖాళీగా బయటికి వచ్చింది. గిన్నె రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడింది.

"ఒరేయ్ గోర్డీ," అన్నాడు లైల్, "రంగు సీటుకు వేశావా, నీ వెనక్కు వేసుకున్నావా?"

నవ్వులు పేలాయి. గోర్డీ మెడ తిప్పి చూసుకున్నాడు. మొహం కందగడ్డలా అయింది.

"మార్లిస్!" అని అరిచాడు. "ఏం రంగు వేశావే నువ్వు?"

నవ్వులు ఆగిపోయాయి. లైల్ గోర్డీని చూశాడు, మార్లిస్‌ను చూశాడు. వెర్నా తన చేతిసంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

మార్లిస్ నెమ్మదిగా ముందుకొచ్చింది. మొద్దుబారిన చెంపలో ఎక్కడో చిన్నగా సలపరం మొదలైంది. నొప్పే, కానీ తనదే.

"మిగతా సీట్లన్నీ చేత్తో రుద్ది చూడండి లైల్, ఒక్కటీ ఊడదు. ఊడింది గోర్డీ నూనె పూసినది ఒక్కటే," అంది. "మీ కోడలికి వేరే కారు చూసుకోండి. ఇది మా నాన్న నాకిచ్చింది. నేను అమ్మడం లేదు."

"మార్లిస్, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," గొంతు తగ్గించాడు గోర్డీ.

"సరే, వెళదాం. తాళం ఇవ్వు."

అతను అందరి వంకా చూశాడు. జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు.

మార్లిస్ గిన్నెకు చుట్టిన తువ్వాలు విప్పి నడిపే సీటు మీద పరిచింది. సీటు ముందుకు జరిపింది, పాదాలు అందేదాకా. అద్దం తనకు కనబడేలా తిప్పుకుంది. వెర్నా ముందు సీట్లో ఎక్కి బెల్టు పెట్టుకుంది. గోర్డీ ఇంకా బయటే నిలబడి ఉన్నాడు.

"వెనక కూర్చో," అంది మార్లిస్, కిటికీలోంచి గిన్నె అందిస్తూ. "ఇంకా సగముంది. ఒలకనివ్వకు, సీటు పాడవుతుంది."