ఫ్లెక్సీలో ఒక్కడే

మా ఆయనకు ఖాళీ జాగా అంటే పడదు. ఫ్రిజ్ మీద చోటు కనబడితే గొడుగు పెడతారు. గొడుగు పక్కన ఇంకాస్త మిగిలిందని పాత రేడియో పెడతారు. నా కంచంలో అన్నానికీ పప్పుకీ మధ్య కాస్త తెలుపు కనబడితే చాలు, నేను వద్దనేలోపు అక్కడ గోంగూర పడుతుంది. ఆయన పేరు ప్రసన్నకుమార్, సర్కారు బడిలో లెక్కల మాస్టారు. పిల్లలకు కూడా ఇదే నేర్పుతారు: తెలియకపోయినా ఏదో ఒకటి రాయండి, పేపరు మాత్రం తెల్లగా వదలకండి. ఇలాంటి మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసిన ఆడది గ్రాఫిక్ డిజైనర్ అయితే ఎలాంటి డిజైనర్ అవుతుందో వేరే చెప్పక్కర్లేదు. నాకు తెలుపంటే ప్రాణం.

అసలు నేను డిజైనర్‌ని కావడానికి కారణం మా అబ్బాయి. హాస్టల్‌కి వెళ్తూ పాత ల్యాప్‌టాప్ నాకు వదిలేసి పోయాడు. రోజూ దాని మీద దుమ్ము తుడవడం నాకొక పనయింది. రోజూ తుడుస్తున్న వస్తువును ఒకసారి తెరిచి చూస్తే తప్పేముందనిపించింది. తెరిచాను. గుంటూరులో బీకాం చదివి, ఆ చదువంతా పాలవాడి లెక్కకు ఖర్చుపెట్టేసిన నేను, ఆ వేసవంతా కూర్చుని ఆన్‌లైన్‌లో డిజైన్ కోర్సు చేశాను. పాఠం చెప్పే బెంగళూరు అమ్మాయి మాటిమాటికీ ఒకటే అనేది: బొమ్మ చుట్టూ ఖాళీ వదలండి, డిజైన్‌ని ఊపిరి పీల్చుకోనివ్వండి. ఈ మాట నాతో ఎవరైనా అంటారా అని ఎన్నేళ్లుగా ఎదురుచూశానో.

చర్చిలో స్త్రీల సమాజానికి ఒక కరపత్రం, తెలిసినవాళ్లకు రెండు పెళ్లి కార్డులు చేసి, వాట్సాప్‌లో పేరు కింద ‘ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైనర్’ అని పెట్టుకున్నాను. మా ఆడపడుచు చూసి ఆఫీసు ఎక్కడ అని అడిగింది. ఇంట్లోనే అన్నాను. అయితే ఉద్యోగం కాదన్నమాట అని ఫోన్ పెట్టేసింది.

ఆవిడని అని లాభం లేదు. మా సత్తెనపల్లిలో డిజైన్‌కి విడిగా ఒక మనిషి ఉంటారని ఎవరూ అనుకోరు. ఫ్లెక్సీ షాపుకి వెళ్తే వాళ్ల కంప్యూటర్లో మబ్బులు, పావురాలు, గులాబీలు సిద్ధంగా ఉంటాయి. మనిషిని మధ్యలో నిలబెట్టి, కింద బంధుమిత్రుల తలకాయలు వరసగా పేరిస్తే అయిపోయినట్టే. ఈ తలకాయల ఊళ్లో నాకు మొదటి అసలైన పని ఇచ్చింది కరీమున్ అక్క.

కరీమున్ అక్క వెనక వీధిలో ఉంటుంది, నా జాకెట్లు కుట్టేది ఆవిడే. వాళ్లాయన గౌస్ బాషా గారు స్ప్రేయర్ల మెకానిక్. పత్తికీ మిరపకీ మందు కొట్టే స్ప్రేయరు మొరాయిస్తే చుట్టుపక్కల రైతులంతా భుజాన వేసుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. వేసవిలో ఆయనకు గుంటూరులో గుండె ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు షాపు మూసేశారు. ఈలోగా బస్టాండు దగ్గర కొత్త మెకానిక్ వెలిశాడు. బాషా పని అయిపోయింది, చేతులు వణుకుతున్నాయట అని ఎవరో పుట్టించారు. ఇప్పుడు షాపు తెరిచి పొద్దున్నుంచీ కూర్చుంటున్నా ఒక్కడూ రావడంలేదని జాకెట్టు కొలత తీసుకుంటూనే కళ్లు తుడుచుకుంది అక్క. పత్తికి మందు కొట్టే రోజులు వచ్చేశాయి. ఈ సీజన్లో రైతు ఎవరి గడప తొక్కితే ఇక ఎప్పటికీ ఆ గడపే. ఇప్పుడు రాకపోతే షాపు ఎత్తెయ్యడమే.

“సెంటర్లో ఒక ఫ్లెక్సీ కట్టిద్దాం ఆరాధనా. ఆయన మళ్లీ వచ్చి కూర్చున్నాడని నలుగురికీ తెలిస్తే చాలు,” అంది.

వారం రోజులు కూర్చుని చేశాను. బాషా గారి ఫోటో ఒకటి ఉంది, కాస్త పైకి ఎటో చూస్తున్నట్టు. దాని రంగులు తీసేసి నలుపు తెలుపు చేశాను. చుట్టూ అంతా తెలుపు. కింద పెద్దక్షరాల్లో గౌస్ బాషా. దాని కింద ‘నలభై ఏళ్ల నమ్మకం’. అన్నిటికంటే కింద, లేత బూడిద రంగులో, సన్నగా, హుందాగా ‘మళ్లీ వచ్చారు. షాపు తెరిచే ఉంది’. చూసుకుంటే నా కళ్లే చెమర్చాయి. ఎందుకు చెమర్చాయో అప్పుడు ఆలోచించలేదు.

మా ఆయన వెనక నిలబడి చాలాసేపు చూశారు.

“మిగతావాళ్లేరి?” అన్నారు.

“ఎవరు?”

“వాళ్లావిడ, అల్లుడు, మనవలు, పక్క షాపులవాళ్లు. మనిషన్నాక చుట్టూ నలుగురుండాలి కదా. ఒక్కడే ఉంటే ఏదోలా ఉంది ఆరాధనా.”

ఏదోలా అంటే ఎలా అని అడిగాను. చెప్పడం ఆయన వల్ల కాలేదు. లెక్కల మాస్టారు ‘ఏదోలా’ అనడం బాగాలేదని చెప్పి, ఖాళీ గొప్పదనం గురించి అరగంట క్లాసు పీకాను. అంతా విని, కనీసం ఒక మూల రెండు గులాబీలు పెట్టమన్నారు. పెట్టనన్నాను. ఒక్క గులాబీ అన్నారు. ల్యాప్‌టాప్ మూసేశాను. మా ఇద్దరిలో ఇంతవరకూ ‘నాది తప్పు’ అన్నవాళ్లు లేరు. ఆయనకు ఆ అవసరం పెద్దగా రాలేదు, నాకు వచ్చినా ఒప్పుకోలేదు.

కరీమున్ అక్కకు ఫోన్లో పంపాను. ఆవిడ కళ్లజోడు లేకుండా చూసి, “మా ఆయన ఎంత తెల్లగా వచ్చాడో!” అని మురిసిపోయింది.

ఫ్లెక్సీ సాదిక్ షాపులో కొట్టించాను. అతను పర్చూరు నుంచి వచ్చి ఈమధ్యే ఇక్కడ షాపు పెట్టాడు, ఊళ్లో అందరూ అతనికి ఇంకా తెలియదు. ముందున్న పుట్టినరోజు ఫ్లెక్సీలన్నీ పక్కన పెట్టి నాదే మొదట కొట్టాడు. లైన్లో ఉంటానన్నాను కూడా. “ఇలాంటివి ఆపకూడదు మేడం,” అన్నాడు గొంతు తగ్గించి. నా పనితనాన్ని గుర్తించినవాడు ఊళ్లో ఒక్కడైనా ఉన్నాడని సంబరపడి, ఇంటికొచ్చి సేమ్యా పాయసం చేసుకున్నాను. సాయంత్రానికి సెంటర్లో ఫ్లెక్సీ కట్టేశారు.

మర్నాడు పొద్దున్నే కరీమున్ అక్క ఫోన్. ఏడుస్తోందో తిడుతోందో కాసేపు తెలియలేదు. రెండూ అని తర్వాత అర్థమైంది. తెల్లారినప్పట్నుంచీ జనం వస్తున్నారట. వచ్చి, షాపు ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నారట. ఎవడో రాత్రే ఆ ఫ్లెక్సీని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. కనిగిరిలో ఆవిడ చెల్లెలు అది చూసి, గుండెలు బాదుకుని, చుట్టాలందరినీ వ్యాన్‌లో ఎక్కించుకుని తెల్లారకముందే బయల్దేరింది. బాషా గారే ఫోన్ చేసి నేను బాగానే ఉన్నానని చెబితే, ఆయన గొంతు విని ఆ చెల్లెలు ఫోన్ కింద పడేసిందట.

మా ఆయన చొక్కా తొడుక్కుని బండి తీశారు. దారిలో ఒక్క మాట అనలేదు. అది అన్నిటికంటే అన్యాయం. ఏదైనా అంటే తిరిగి అనడానికి నేను రెండు మూడు సిద్ధం చేసుకుని ఉన్నాను.

సెంటర్లో బండి ఆపారు. నా ఫ్లెక్సీని రోడ్డు మీద నుంచి చూడటం నాకదే మొదలు. ఎడమ పక్కన ఎవరో కుర్రాడి పుట్టినరోజు, వాడి చుట్టూ ఊళ్లో సగం మంది మొహాలు. కుడిపక్కన ఓణీల ఫంక్షను, అందులో మేనమామలే ఒక వరస. మధ్యలో తెల్లగా, పైకి చూస్తూ, బాషా గారు ఒక్కరే. బూడిద రంగులో నేను హుందాగా రాసిన మాట అసలు కనబడటంలేదు. స్కూటర్ మీద పోతున్న ఒక పెద్దమనిషి స్లో చేసి, పేరు చదివి, అయ్యో పాపం అనుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడు తెలిసింది ‘ఏదోలా’ అంటే ఎలాగో. మా దగ్గర బతికున్నవాడు ఫ్లెక్సీలో ఎప్పుడూ ఒంటరిగా ఉండడు. భార్య ఉంటుంది, బావమరిది ఉంటాడు, ఫోటోకి డబ్బులిచ్చినవాడు ఉంటాడు, ఇవ్వనివాడు అలుగుతాడు. ఒక్కడే నిలబడేది పోయినవాడే. ఆ తలకాయల వరసను ఏళ్లపాటు వెక్కిరించాను గానీ, అదేం చెబుతోందో ఒక్కసారీ చదవలేదు.

షాపు దగ్గర వ్యాన్ ఆగి ఉంది. కనిగిరి చుట్టాలు అరుగు మీద కూర్చుని టీలు తాగుతున్నారు. ఏడవడానికి వచ్చినవాళ్లకు ఏడుపు లేకుండా పోయేసరికి ఏం చేయాలో తోచక అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. బాషా గారు మాత్రం స్ప్రేయరు విప్పుకుని పనిలో ఉన్నారు. నన్ను చూసి కూర్చోమని, పొద్దుటి సంగతి చెప్పారు. ఆయన బల్ల కిందికి దూరి జారిపోయిన వాషరు వెతుక్కుంటుంటే జయరావు అనే రైతు పూలదండ పట్టుకొచ్చాడు. పక్క పల్లెలో మిరప వేస్తాడు, పాత కస్టమర్. ఖాళీ కుర్చీ చూసి బావురుమని దండ దానికే వేశాడు. బాషా గారు బల్ల కింద నుంచి తల బయటపెట్టారు.

“ఏరా జయరావ్, కుర్చీకి పెళ్లా అన్నాను. మూడంగల్లో రోడ్డు మీదున్నాడమ్మా వాడు.”

ఆ జయరావు అక్కడే ఉన్నాడు. బస్టాండు దగ్గర కొత్త మెకానిక్‌కిచ్చిన స్ప్రేయరు వెనక్కి తెచ్చి బాషా గారి ముందు పెట్టాడు, విప్పి ఉన్నది అదే. నువ్వు ఉన్నావని ఎవరైనా చెబితే అక్కడికెందుకు పోతాను అన్నా అని గొణుగుతున్నాడు. బాషా గారి చేతులు వణకడంలేదు. అది చూసి ఇద్దరు ముగ్గురు రైతులు తమ స్ప్రేయర్లు కూడా తెస్తామని లేచారు.

కానీ కరీమున్ అక్క చల్లారలేదు. సాదిక్‌ని అల్లుడితో పిలిపించి షాపు ముందు నిలబెట్టింది. నిక్షేపంలాంటి మనిషిని శవంలా కొట్టావేంట్రా అని మొదలుపెట్టింది. తనకు వచ్చిన ఫైలే కొట్టానని సాదిక్ చెప్పబోతే వినలేదు. ఆరాధన చదువుకున్న పిల్ల, అలా ఎందుకు చేస్తుంది, ఫోన్లో చూస్తే ఎంత కళగా ఉంది, రంగులన్నీ నీ మిషనే మింగేసింది అంది.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. “ఇంకు తక్కువైనట్టుంది. కంప్యూటర్లో చూసినప్పుడు కాస్త... కాస్త రంగులు ఉండేవి.” ఆయన అబద్ధమాడటం నేనెప్పుడూ చూడలేదు. చాలా అధ్వాన్నంగా ఆడారు, చెవులు ఎర్రబడ్డాయి. నా కోసం ఆడారు.

“విన్నావా, మాస్టారే చెబుతున్నారు,” అంది అక్క. “మా మసీదు వీధి వాళ్లెవరూ ఇక నీకు పని ఇవ్వరు. ఆరాధనా, నువ్వే ఇంకోటి చెయ్యి. ప్రింటు మాత్రం నరసరావుపేటలో కొట్టిద్దాం.”

సాదిక్ నావైపు చూశాడు. నా పేరు చెప్పలేడు, నేనూ అతని కస్టమర్‌నే కదా. నేను నోరు తెరవకపోతే చాలు. నా మొదటి పని నిలుస్తుంది, రెండో పని చేతికొస్తుంది, వాట్సాప్‌లో పేరు కింద ఆ లైను అలాగే ఉంటుంది. అతని కొత్త షాపు మాత్రం మూతపడుతుంది.

“ప్రింటు బాగానే ఉందక్కా,” అన్నాను. “నేను పంపిందే అతను కొట్టాడు. రంగులు తీసేసింది నేనే.”

కనిగిరి వ్యాన్ మొత్తం టీ తాగడం ఆపేసింది. కరీమున్ అక్క సాదిక్‌ని వదిలి నావైపు తిరిగింది. బాషా గారు స్పానర్ పక్కన పెట్టారు.

“అంటే నన్ను చంపింది నువ్వా అమ్మా?”

“అవును బాషా గారూ.”

ఆయన నవ్వబోయి, కుట్లు నొప్పి పుట్టి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా నవ్వారు. “డాక్టర్ల వల్ల కాలేదు, నువ్వు చేశావ్. సరే, చంపినదానివి నువ్వే బతికించు. దీన్ని పెట్టు నా పక్కన,” అని భార్యను చూపించారు. “అల్లుణ్ణి పెట్టు, మనవల్ని పెట్టు, ఈ దండగాణ్ణి కూడా పెట్టు. కొట్టేది మాత్రం సాదికే కొట్టాలి. ఉచితంగా తిట్లు తిన్నాడు.” తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నావైపు తిరిగారు. “అవునమ్మా, ఇంట్లో ఎవరూ చూడలేదా, కట్టించేముందు?”

మా ఆయన గబగబా ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టు బోర్డు చదవడం మొదలుపెట్టారు.

“చూశారండీ. చుట్టూ నలుగుర్ని పెట్టమని చెప్పారు కూడా,” అన్నాను, అరుగు చివరున్న వాళ్లకు కూడా వినబడేలా. “ఆయన చెప్పిందే రైటు. నాదే తప్పు.”