పదకొండు నిమిషాలు

"ఒక నాలుగు పేజీలు రాసిపెట్టు సువర్ణా," అన్నాడు నతానియేలు, తిన్న పళ్ళెం తెచ్చి సింకులో పెడుతూ. పళ్ళెంలో బొమ్మిడాయి ముళ్ళు అలాగే ఉన్నాయి. ముళ్ళు చెత్తబుట్టలో వేసి పళ్ళెం సింకులో పెట్టమని పెళ్ళయిన కొత్తలో చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం మానేసి ముళ్ళు తీస్తున్నాను.

గుడివాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు పిలిచారట. ఒకసారి కోడ్ రాస్తే ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఐఫోన్‌లోనూ నడిచే యాప్‌లు చేస్తున్నారు కదా ఈ మధ్య, అలా చేసినవాళ్ళ అనుభవాలు పిల్లలకి చెప్పించాలట.

"చేసింది నేను కదండీ," అన్నాను.

"అందుకేగా నిన్ను రాయమంటున్నది."

"అయితే బ్యానర్ మీద నా పేరు కూడా వేయించండి."

ఆయన చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇద్దరి పేర్లూ ఎందుకు? నా పేరు ఉంటే మనిద్దరిదీ ఉన్నట్టేగా. నువ్వూ రా, వెనక కూర్చుని యాప్ తెర మీద చూపిద్దువుగాని."

హాల్లోంచి అత్తయ్య అంది. "ఆడమనిషికి బ్యానర్లెందుకే? ఇంట్లో నీడపట్టున కూర్చుని చేసుకునే పని. అదృష్టం అనుకో."

కూర్చుని చేసే పని. నేను బందరు కాలేజీలో కంప్యూటర్లు చెప్పే రోజుల్లో నిలబడి చేసేదాన్ని. అప్పుడు అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది, ఆర్నెల్లు సెలవు పెట్టమన్నారు. ఆర్నెల్లు అయిపోయి తొమ్మిదేళ్ళయింది. అత్తయ్య మోకాలు బాగయింది, ఆదివారం గుడికి నాకంటే ముందు నడుస్తుంది.

నతానియేలుకి ఊళ్ళో సెల్‌ఫోన్ల షాపు ఉంది. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేయించి అమ్మే ముజీబ్ గారు ఫోన్ బాగు చేయించుకోవడానికి వచ్చి, నగల ఫొటోలు చూసి జనం ఆర్డర్ పెట్టుకునే యాప్ ఒకటి కావాలన్నాడట. "రెండు నెలల్లో ఇచ్చేస్తాం భాయ్," అని షాపులో కూర్చుని మాటిచ్చేశాడు ఈయన. అలా మొదలైంది నా పని. ఇప్పుడా యాప్‌లో పన్నెండు వందల నగలున్నాయి. యాప్ పేరు కింద తయారు చేసినవారు అన్నచోట నతానియేలు అని ఉంటుంది. నా పేరు పెట్టనా అని అప్పుడే అడిగాను. "షాపువాడి పేరైతే నమ్ముతారు. ఇంట్లో ఆడవాళ్ళు చేశారంటే అప్పడాలనుకుంటారు," అన్నాడు. అది జోకు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

ఒకసారి రాస్తే రెండు ఫోన్లలోనూ నడుస్తుందన్న మాట నేనే చెప్పాను ఆయనకి, ఏదో కొత్త ఉత్సాహంలో. అదే నాకు చుట్టుకుంది. నడుస్తుంది, నిజమే. కానీ ఆండ్రాయిడ్‌లో కుదురుగా ఉన్న అక్షరాలు ఐఫోన్‌లో పక్కకి జరుగుతాయి. కొనేవాళ్ళు అడ్రసు టైప్ చేయబోతే కీబోర్డు పైకి లేచి ఆర్డర్ బటన్‌ని మింగేస్తుంది. ఎవరో దూరాన కూర్చుని చేసిన, నేను వాడే సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ విడుదలైతే, నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ పనిచేయదు. వాటితో కుస్తీ పడుతుంటే ఆయన గుమ్మంలోంచే అనేవాడు. "ఒకసారి రాస్తే రెండిట్లో నడుస్తుందన్నావుగా, ఇంకా ఏం చేస్తున్నావు దాంతో?" మా ఇంట్లో ఉన్న ఒక్క ఐఫోన్ ఆయనది. ఆదివారం గుడి నుంచి వచ్చి, అన్నం తిని, ఆయన పడుకున్న గంటన్నరలో నాకది దొరికేది. ఐఫోన్ తప్పులన్నీ ఆదివారం మధ్యాహ్నాలు దిద్దినవే. గురక ఆగితే చేస్తున్నది వదిలేసి ఫోన్ ఆయన పక్కన పెట్టేసేదాన్ని.

ఫోన్‌లో పెట్టుకోవడానికి వీలుగా యాప్ మొత్తాన్ని కట్టి తయారుచేయడాన్ని బిల్డ్ అంటాం. నా పాత లాప్‌టాప్‌కి అందుకు పదకొండు నిమిషాలు పడుతుంది. పదకొండు నిమిషాల్లో అంట్లు అవుతాయి, స్టవ్ తుడవడం అవుతుంది. కుళాయి వచ్చే రోజైతే డ్రమ్ము నిండుతుంది. పనిచేసేటప్పుడు ఎవరైనా కాసేపు వెనక్కి వాలి కూర్చోవడం మామూలేనట. నేను ఆ కాసేపు ఎప్పుడూ చూడలేదు.

వ్యాసం రాయడానికి మూడు రోజులు పట్టింది. ఏ సాఫ్ట్‌వేర్ ఎందుకు ఎంచుకున్నానో రాశాను. కోడ్‌లో రంగు మారిస్తే యాప్ మూసి తెరవకుండానే ఫోన్ తెర మీద ఆ రంగు మారిపోవడం మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆనందం రాశాను. తప్పుల గురించి, బిల్డ్‌కి పట్టే పదకొండు నిమిషాల గురించి రాశాను. రాస్తూ రాస్తూ నాలుగో పేజీలో ఈ మాటలు కూడా రాశాను: "మొదటి బిల్డ్ అయ్యేలోపు అంట్లు తోమాను. రెండో బిల్డ్ అయ్యేలోపు స్టవ్ తుడిచి పప్పు పెట్టాను. మూడోసారి తప్పు చూపించింది. తడి చేతులతోనే దిద్దాను. ఈ యాప్‌లో ఏ పేజీ తెరిచినా దాని వెనక సబ్బు వాసన ఉంటుంది."

తీసేద్దామనుకుని ఆగాను. నాకు చిన్న ఆశ పుట్టింది. వెళ్ళేముందు ఆయన ఒకసారి చదువుకుంటాడు కదా, ఆ వాక్యాల దగ్గర ఆగుతాడు. ఆగి నావైపు చూస్తాడు. ఏమీ అనక్కర్లేదు, చూస్తే చాలు. పెళ్ళయి పదిహేడేళ్ళయినా మొగుడికి నేను రాసుకున్న ఉత్తరం అదొక్కటే అనుకోండి.

కాగితాలు ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుడివాడ బస్సులో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

కాలేజీ హాల్లో రెండొందల మంది పిల్లలు. నన్ను ఆఖరి వరసలో లాప్‌టాప్ దగ్గర కూర్చోబెట్టారు. బ్యానర్ మీద నతానియేలు ఫొటో, టై కట్టుకుని. చదవడం మొదలుపెట్టాడు. గొంతు బాగుంటుంది ఆయనకి, గుడిలో వాక్యం చదివినట్టు చదువుతాడు. నాలుగో పేజీ తిప్పాడు.

"మొదటి బిల్డ్ అయ్యేలోపు అంట్లు తోమాను," అని చదివాడు.

ఒక్క క్షణం తడబడ్డాడు. తలెత్తాడు, కానీ నావైపు కాదు. హాలంతా నవ్వింది, వెంటనే చప్పట్లు. ఆయన ముఖం విచ్చుకుంది. చెయ్యి ఊపి ఇంకాస్త గట్టిగా చదివాడు. "రెండో బిల్డ్ అయ్యేలోపు స్టవ్ తుడిచి పప్పు పెట్టాను." మళ్ళీ చప్పట్లు. సబ్బు వాసన దగ్గర ముందు వరస అమ్మాయిలు లేచి నిలబడ్డారు.

యాప్ ఎప్పుడో ఆయనదైపోయింది. ఆ పూట అంట్లు కూడా ఆయనవైపోయాయి.

నా పక్కన కూర్చున్న లెక్చరర్ సరళ గారు నా మోచెయ్యి పట్టుకుంది. "అదృష్టవంతులండీ మీరు. మా ఆయన తాగిన గ్లాసు కూడా తీయడు."

నేనేమన్నానో గుర్తు లేదు. నవ్వే ఉంటాను. అలవాటు.

ప్రశ్నలు అడగమన్నారు. మూడో సంవత్సరం అమ్మాయి, ఫిజా అని చెప్పింది పేరు, లేచింది. "సార్, ఐఫోన్‌లో కీబోర్డు బటన్‌ని కప్పేసిందన్నారు కదా. ఎలా సరిచేశారు?"

నతానియేలు నీళ్ళు తాగాడు. "అలాంటి చిన్నచిన్నవి మా మిసెస్ చూసుకుంటుందమ్మా," అన్నాడు. మళ్ళీ నవ్వులు.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి పళ్ళెం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఆ 'చిన్న' తప్పుని ఎలా సరిచేశానో చెప్పాను. రెండు మూడు మార్గాలు చెప్పాను, ఏది ఎందుకు పనికిరాలేదో కూడా చెప్పాను. అంతా విని, గొంతు తగ్గించి అడిగింది.

"మేడమ్, ఆ వ్యాసం మీరు రాసిందే కదా?"

"ఎందుకనుకున్నావు?"

"సార్ పదకొండు నిమిషాలు అన్నారు కదా. మా అమ్మకి కూడా అంట్లకి అంతే పడుతుంది. మగవాళ్ళకి ఆ లెక్క తెలీదు మేడమ్."

రెండొందల మందిలో ఒక్కతే నన్ను చదివింది.

తిరుగు బస్సులో, కాలేజీవాళ్ళు తనకి కప్పిన శాలువా నా ఒళ్ళో పడేశాడు. "అమ్మకివ్వు, గుడికి కప్పుకెళ్తుంది." కాసేపటికి తనే అన్నాడు. "ఆ అంట్ల ముక్క భలే పెట్టావు. జనానికి అలాంటివే కావాలి. వచ్చే నెల విజయవాడలో ఇంకో కాలేజీవాళ్ళు పిలుస్తామన్నారు. అక్కడ ఇంకాస్త దట్టించు."

"అది నేను పెట్టింది కాదండీ. జరిగింది."

"ఏది?" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఎవరో పంపిన తన ఫొటో చూసుకుంటున్నాడు.

నేను కిటికీవైపు తిరిగాను. గూడూరు దాటాం. ఊడ్పులవుతున్నాయి, వంగిన వీపులన్నీ ఆడవాళ్ళవే. గట్టు మీద గొడుగు పట్టుకుని ఒక మగాయన నిలబడ్డాడు. ఎవరినైనా ఈ చేను ఎవరిదని అడిగితే ఆయన పేరే చెప్తారు. బందరు వచ్చేసరికి నా కోపం చల్లబడింది. చల్లబడి గట్టిపడింది.

ఇంటికెళ్ళి చీరైనా మార్చుకోకుండా లాప్‌టాప్ తెరిచాను. యాప్‌లో 'మా గురించి' అని ఒక పేజీ ఉంది. షాపు పేరు, ముజీబ్ గారి ఫోన్ నంబరు ఉంటాయి. వాటి కింద ఒక వరస చేర్చాను. 'ఈ యాప్ రాసినది: సువర్ణ, మచిలీపట్నం.' ముజీబ్ గారికి ఫోన్ చేసి చెప్పాను. "పెట్టమ్మా, మాకు తెలీదేంటి," అన్నాడు ఆయన. తెలుసట. అందరికీ తెలుసు. బిల్డ్ మొదలుపెట్టాను.

వంటింట్లోంచి నతానియేలు కేకేశాడు. "సువర్ణా, టీ పెట్టు. గ్లాసులన్నీ సింకులోనే ఉన్నాయేంటి?"

"పొద్దుటి అంట్లు కదండీ."

"అయితే తోమవా?"

"బిల్డ్ అవుతోంది," అన్నాను. "పదకొండు నిమిషాలు పడుతుంది. ఆలోపు ఏం చెయ్యచ్చో పొద్దున రెండొందల మందికి మీరే చెప్పారు."

"ఏంట్రా ఇది?" అంది అత్తయ్య హాల్లోంచి, కొడుకుతో. వంటింట్లోంచి కుళాయి తిప్పిన చప్పుడో, లేక ఊరికే గ్లాసు పక్కకి జరిపిన చప్పుడో వినబడింది. ఏమిటో చూడాలని తల తిప్పబోయి మానుకున్నాను.

కుర్చీలో వెనక్కి వాలాను. ఆ పదకొండు నిమిషాలూ లేవలేదు.