నూట అయిదు డిగ్రీల కండెన్సర్లు

యాంప్లిఫయరు ప్లగ్గు తీసి, బిగించిన నాలుగు మరలనూ జ్ఞానమణి మళ్ళీ విప్పింది. లోపల మిగిలిన కరెంటు పోయేదాకా ఆగి, వేలు పెట్టి చూసింది. వేడిని బయటికి వదిలే అల్యూమినియం రెక్కలు కాలుతున్నాయి. పక్కనే కరెంటు నిలవచేసే రెండు కండెన్సర్లూ వెచ్చబడ్డాయి.

"మళ్ళీ ఏంటక్కా?" అన్నాడు దాన్ని తీసుకెళ్ళడానికి ఎ.కొండూరు చర్చి నుంచి వచ్చిన సంఘపెద్ద జయకర్. "ఆరింటికి కూటం. పొద్దున బానే పాడిందన్నావుగా."

"ఇయ్యాళ పాడుద్ది తమ్ముడూ. నాలుగేళ్ళు పోతే గుర్రుమంటది."

అరవై ఏళ్ళ మనిషి జ్ఞానమణి. చూపుడువేలి కొసన టంకం కాల్చిన మచ్చలు. హైదరాబాదులో టీవీల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళు రోజుకు వందల కండెన్సర్లు అతికింది. ఏది ఎక్కడ పెట్టాలో వేరెవరో చెప్పేవారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక తిరువూరు వచ్చి వరండాలో బల్ల వేసుకుంది. ఇక్కడ చెప్పేది ఆమే. ఇరవై అయిదు వోల్టులు వచ్చేచోట యాభై తట్టుకునేది పెడుతుంది. ఎనభై అయిదు డిగ్రీలది ముట్టదు, నూట అయిదు డిగ్రీలకు ఓర్చేదే కావాలి. నిన్న అందుకే బెజవాడ వెళ్ళొచ్చింది. కానీ వేడి పక్కన ఉంటే ఎంత మంచి కండెన్సరైనా లోపలి తడి ఆరిపోయి చస్తుంది.

జయకర్ గడియారం చూసుకోవడం గమనించి, బల్ల కింద నుంచి ఇంకో పెట్టె లాగింది.

"నెమలి ఊరి గుడిది. ఎలక వైరు కొరికిందని తెచ్చారు. పద్నాలుగేళ్ళయింది, చూడు."

ఒక కండెన్సరు ఊడదీసి మీటరుకు తగిలించింది. మీద రాసిన కొలత నాలుగు వేల ఏడు వందలు. మీటరు ఇప్పటికీ నాలుగు వేల అయిదు వందలు చూపింది.

"ఇది పెట్టిందెవరనుకున్నావు? నేనే."

జయకర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

జ్ఞానమణి చర్చి పెట్టెలోని కండెన్సర్లను వేడి రెక్కలకు నాలుగు వేళ్ళ దూరం జరిపి, కొత్త వైర్లు అతికింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఎడమ భుజం రుద్దుకుంది. నాలుగున్నరకి పెట్టె ఆటో ఎక్కింది.

ఆరు కావస్తుండగా జయకర్ ఫోన్ చేశాడు.

"ఆన్ చేశానక్కా. సౌండు మొత్తం పెంచా. ఏమీ వినపడట్లా!"

"మైకు ఆపేసి ఉందా?"

"ఉంది."

"ఫోను స్పీకరు దగ్గర పెట్టు."

కళ్ళు మూసుకుని వింది. గరగర లేదు, గుయ్యిమనడం లేదు.

"అట్టా ఏమీ వినపడకపోవడమే కావాలయ్యా," అంది. గొంతులో నవ్వు దాగలేదు. "ఫోను అక్కడే ఉంచు. మొదటి పాట వింటా."

బడిలో పాఠాలు చెప్పి వచ్చిన కూతురు హన్నా టీ పెట్టి తెచ్చేసరికి, తల్లి కుర్చీలో వెనక్కి వాలి ఉంది. అమ్మా అని పిలిచింది. భుజం పట్టి కదిపింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. గ్లాసు బల్లమీద పెట్టి, ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

తల్లి ఒళ్ళో ఫోను వెలుగుతూనే ఉంది. అందులో ఎ.కొండూరు ఆడవాళ్ళు మొదటి పాట రెండో చరణం అందుకున్నారు. ఒక్కొక్కరి గొంతూ విడివిడిగా, తేటగా వినిపిస్తోంది.