చెక్కలు ఆగే చోటు

మా అన్న లింగప్ప ధర్మాత్ముడని ఎవరైనా అంటే నేను అక్కడినుంచి లేచి వెళ్లిపోతాను. పోయిన ఏడు భూముల రీసర్వే నోటీసు వచ్చినప్పుడు అతను మా ఇంటికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

"కదిరిలో భజన పోటీ పెట్టుకోని సేనుకాడ ఏం కాపలా కాస్తావు రా ఆదెన్నా? నాయన పాతిన రాయి నాకు తెల్దా? నేను చూపిస్తాలే, నువ్వు పో."

"నిజంగా చూపిస్తావా?"

"నాయన మీద ఒట్టు."

సర్వేకూ పోటీకీ ఒకటే రోజు పడింది. మా ఇద్దరి చేల మధ్య గట్టు ఎప్పుడో దున్నకాల్లో కలిసిపోయింది. హద్దు అంటే నాయన పాతిన రాయి ఒక్కటే. అదీ కంపచెట్ల కింద మట్టిలో కూరుకుపోయింది. చూపించేవాడు ఉంటేనే కనపడుతుంది. నువ్వు ఉండిపోవాల్సిందని నా భార్య చిన్నక్క ఇప్పటికీ అంటుంది. ఉండలేకపోయాను.

మాది శింగనమల పక్క పల్లె. చెక్కభజన మాకు నాయన నేర్పిన విద్య. పదహారు మంది, చేతుల్లో బిళ్లలు తొడిగిన చెక్కలు, కాళ్లకు గజ్జెలు. మధ్యలో గురువు. నాయన పోయాక గురువును నేనే. ఆయన కట్టిన మబ్బు పాట ఒకటి ఉంది.

యా ఊరి మబ్బువే, యాడికి పోతాండావే
మా సేని మీదొక్క గడియ నిలిచి పోవే

'నిలిచి' అనగానే అన్నీ ఆగిపోతాయి. చెక్కలు ఆగుతాయి. ఖాసిం సాబ్ హార్మోనియం మీదినుంచి వేళ్లు ఎత్తేస్తాడు. కాలెత్తినవాడు ఎత్తినట్టే ఉంటాడు. నా కుడి మడమ ఒక్కటే నేలను తాకుతుంది. ఒకటి. చాలాసేపటికి రెండు. తర్వాత తొందరగా మూడు, నాలుగు. ఎండిన మట్టి మీద మొదటి చినుకులు పడినట్టే ఉంటుంది. నాలుగో దాని వెనకే పదహారు జతల చెక్కలు ఒక్కసారిగా కురుస్తాయి.

జనం వచ్చేది ఆ చోటు కోసమే. అంతవరకు శెనక్కాయలు ఒలుచుకుంటూ ముచ్చట్లాడుకునేవాళ్లు అక్కడికి వచ్చేసరికి ఊపిరి బిగబడతారు. ఏం జరగబోతుందో అందరికీ తెలుసు. అయినా ఇంకోసారి పాడమంటారు. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని, పెద్ద లెక్కలు రావు. నాలుగు దాకా లెక్కపెట్టడంలో మాత్రం ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. చెక్కలు పట్టినవాళ్లు గురువు మడమ చూసి పాటలోకి దిగాలి. నా బదులు మా జట్టులో రామాంజిని నిలబెట్టి చూశాను. మూడుకే నలుగురు దిగేశారు. అందుకే చేనును అన్నకు అప్పజెప్పి కదిరి బస్సెక్కాను.

నాయన పాట అంత దూరం పోవడం అదే మొదలు. మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది. మైకుసెట్టు తిప్పేష్ అనే అతనిది. 'నిలిచి' అన్నాను. అన్నీ ఆగాయి. ఒకటి కొట్టాను. సౌండ్ బాక్సులు ఒక్కసారిగా మూగబోయేసరికి మైకు పోయిందనుకున్నాడు తిప్పేష్. ఉరికి వచ్చి, మైకును రెండు దెబ్బలు కొట్టి, "హలో... హలో... చెక్" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. చెక్కలు తలా ఒక దిక్కున పడ్డాయి.

"ఏమప్పా, కొంప కాలినట్ల ఉరికొస్తివి?" అని ఖాసిం సాబ్ లేచాడు.

"మైకు కట్టయిందేమో అనుకుంటి సాబన్నా! పాట మద్దెలో సప్పుడు ల్యాకుండా ఎవురన్నా పెడ్తారా?"

"మేం పెడ్తాం. దుడ్లు పెట్టి బస్సెక్కి జనం వచ్చేది దానికే."

చేను దగ్గర నిలబడాల్సినవాణ్ని ఈ నవ్వుల కోసం వచ్చానా అనిపించింది. నిర్వాహకులు ఇంకో పాట ఎత్తుకోమన్నారు.

"ఇదే పాడతాం. మైకు తీసేయండి" అన్నాను.

"వెయ్యి మంది ఉండారన్నా" అన్నాడు తిప్పేష్. "మైకు ల్యాకుంటే నీ గజ్జెల సప్పుడు యాడ ఇనపడ్తాది?"

"ఇనపడకపోతే ఈ గజ్జెలు నువ్వే కట్టుకో పో."

వైరు పీకేశాడు. మొదటినుంచి ఎత్తుకున్నాము. 'నిలిచి' అన్నాను. ఒకటి. మైదానం చివర బజ్జీలు వేసే ఆమె నూనెలోంచి జల్లెగరిటె ఎత్తి, ఎత్తినట్టే పట్టుకుంది. రెండు. ఎవరూ దగ్గలేదు. మూడు, నాలుగు. చెక్కలు కురిశాయి. అంత మందీ లేచి నిలబడ్డారు. మూడుసార్లు పాడించుకున్నారు. మూడోసారికి తిప్పేష్ మూగ మైకు పక్కనే కళ్లు మూసుకుని కూర్చున్నాడు. సమయం మించిందని షీల్డు వేరే ఊరికి ఇచ్చారు. పోనీ. బస్టాండు దాకా జనం నడిచింది మా వెనకే.

మర్నాడు చేనికి పోయి చూస్తే కొత్త సర్వేరాయి నా చేని లోపల ఉంది. నాయన రాయి ఉన్న చోట కంపలు లేవు, రాయీ లేదు. సర్వేయరు ఏం చేస్తాడు, చూపించినది కొలుచుకున్నాడు.

"నాయన రాయి యాడన్నా?" అని అడిగాను.

"ఏం రాయి రా? భజన చేసుకునేవానికి రాళ్లతో ఏం పని?" అన్నాడు లింగప్ప.

మొన్న శ్రీరామనవమికి మా వీధిలో భజన కట్టాము. లింగప్ప ముందు వరసలోనే కూర్చున్నాడు. 'నిలిచి' అనగానే వక్కాకు పట్టుకున్న అతని చెయ్యి నోటి దగ్గరే ఆగింది. మూడు కొట్టి, నాలుగుకు కావాలనే ఆలస్యం చేశాను. నా చేను తిన్నవాడు నా మడమ వైపే చూస్తూ, నోరు తెరుచుకుని కాచుకున్నాడు. అప్పుడు కొట్టాను.

పాట అయ్యాక దగ్గరికి వచ్చాడు. "బాగా నిలిపినావు రా. నాయన కూడా ఇంతసేపు నిలపల్యా. ఇంగొకతూరి పాడు."

"రాయి చూపించు, పాడతా."

తల దించుకుని పోయి మళ్లీ ముందు వరసలోనే కూర్చున్నాడు. పాడమని జనం అరిచారు. పాడాను. చివరిదాకా కదలకుండా విన్నాడు. రాయి మాత్రం ఇప్పటికీ చూపించలేదు. కొత్త పాసుబుక్కులో నాకు తగ్గింది నలభై రెండు సెంట్లు.