అత్త పెట్టిన హామీ సంతకం

చదువు అప్పు కట్టలేదని బ్యాంకు రెండు నోటీసులు పంపింది. అప్పు తీసుకున్నందుకు మేనకోడలికి ఒకటి, హామీ ఉన్న పాపానికి మేనత్తకు ఒకటి. ఇద్దరూ వెళ్ళి మేనేజరు ముందు కూర్చున్నారు. పిల్ల ఉద్యోగం పోయి ఏడాదైంది. ఇస్త్రీ కొట్టు సొంతం చేసుకుందామని అత్త పదేళ్ళుగా దాచుకున్న డిపాజిట్టు మీదికి వచ్చిందిప్పుడు ఆ బాకీ.

మేనేజరు మంచివాడే. గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. చదువురాని మనిషి, ఏమీ తెలియక సంతకం పెట్టిందని రాసిస్తే, హామీ నుంచి తప్పించమని పైవాళ్ళను అడుగుతానన్నాడు. పిల్లకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్కమాట అనెయ్యమని అత్త మోచెయ్యి పట్టుకుని బతిమాలింది.

అత్త బల్ల మీది హామీ కాగితం దగ్గరికి లాక్కుని, తన సంతకం చూసుకుంది.

ఆ సంతకం నేర్పింది పిల్లే. కాలేజీలో సీటొచ్చిన వేసవి అది. వేలిముద్ర వేస్తే పోయేదానికి, నా మేనకోడలి కాగితాల మీద మరకెందుకే అని అత్త పట్టుబట్టింది. ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు పాత పేపర్ల అంచుల మీద పేరు దిద్దేది. పెట్టెను ఒత్తినట్టే కలాన్నీ ఒత్తి కాగితం చింపేది. పైగా, చూసుకోకుండా ఆ పేపర్లలోనే బట్టలు చుట్టి ఇచ్చేసింది. చొక్కాలతోపాటు అత్త పేరూ ఇంటింటికీ చేరింది. బడిపంతులుగారైతే తనకొచ్చిన పేపరు వెనక్కి తెచ్చి, పదికి ఆరు మార్కులు వేసిచ్చారు. మిగతా నాలుగూ ఎక్కడ పోయాయని అత్త ఆయనతో తగువుకు దిగింది. ఆ వేసవిలో నవ్వినంత నవ్వు పిల్ల మళ్ళీ నవ్వలేదు.

"తప్పు నాదత్తా," అంది పిల్ల. "లేదంటే ఉద్యోగాలిప్పిస్తామని ఫీజులు గుంజిన కాలేజీది. మధ్యలో నువ్వెందుకు మునగడం?"

"కాలేజీనీ అడుగుదాం, వదలొద్దు," అంది అత్త. "కానీ ఆ రోజు కాగితమంతా నువ్వు చదివి వినిపించావు. తెలిసే పెట్టాను. నీకు బోలెడు చదువుందే. నాకున్నది ఆ సంతకం ఒక్కటే. అదీ రాదని రాసిమ్మంటావా?"

మేనేజరు మరి ఆ మాట ఎత్తలేదు. వచ్చే నెల నుంచి ఎంతో కొంత కడితే ఆరు నెలలదాకా డిపాజిట్టు జోలికి రాకుండా చూస్తానన్నాడు.

బయటికొచ్చాక, కొట్టు తియ్యాలంటూ అత్త గబగబా వెళ్ళిపోయింది. పిల్ల రెండోవైపు నడిచింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో లెక్కలు రాసే పని ఉందని పోయినవారమే కబురొచ్చింది. ఇంత చదివీ మళ్ళీ బట్టల మధ్యకేనా అని అప్పుడు మూతి తిప్పుకుంది. ఇప్పుడు లోపలికెళ్ళి, ఆ పని ఇంకా ఉందా అని అడిగింది. ఉంది గానీ పొద్దున ఆరింటికల్లా రావాలన్నారు.

"వస్తానండీ," అంది.